కాన్‌స్టన్స్ స్మిత్: ఒక ఐరిష్ చిత్రనటి చరిత్రము

నటుల కీర్తి నీటిమీది వ్రాత యని పెద్ద లనుచుందురు. రంగస్థలముపై నొక రాత్రి యాడి, తెల్లవారునప్పటికి ప్రేక్షకుల స్మృతియందు మాత్రమే మిగులు నాటకనటుని విషయమున నీ మాట సత్యమే. చలనచిత్రము పుట్టిన పిదప దీనిని కొంత సవరించుకొనవలసి వచ్చినది. నటి గతించినను ఆమె రూపము, నడక, కంఠస్వరము ఫిలిము చుట్టలయందు నిలిచియే యుండును. చూడదలంచినవారు నేడును చూడవచ్చును. అయినను చిత్రములు నిలిచి యుండియు వానిలోని నటి పేరు పలుకువారు లేకపోవుట యను నొక నూతనమైన విస్మృతి యీ కళవలననే లోకమునకు ప్రాప్తించినది. అట్టి విస్మృతికి లోనైనవారిలో కాన్‌స్టన్స్ స్మిత్ యొకతె. ఈమె 1928వ సంవత్సరము జనవరి 22వ తేదీన ఐర్లండునందలి లిమెరిక్ నగరమున జన్మించెను. 2003 జూన్ 30వ తేదీన లండనునందలి ఇస్లింగ్టన్ భాగమున గతించెను. ఈ డెబ్బదియైదేండ్లలో ఆమె లోకమున కెఱుకపడిన కాలము ఆఱేడు వత్సరములకు మించదు.

ఈమె వృత్తాంతమును చెప్పువారు సామాన్యముగ రెండు మాటలతో ముగింతురు: అందమువలన పైకి వచ్చినది, మద్యమువలన క్రిందికి పోయినది యని. ఈ రెండును అసత్యములు గావు. కాని యవి సంఘటనలే గాని కారణములు గావు. అందగత్తె లెందరో యుండ నీమెయే యేల యెన్నుకొనబడెను? ఎన్నుకొనబడిన నాలుగేండ్లకే యేల విడువబడెను? మద్యము పతనమునకు హేతువా, పతనము మద్యమునకు హేతువా? ఇవి విచారింపదగిన ప్రశ్నలు. వీనికి సమాధానము ఒక్క స్త్రీ స్వభావమునందు గాక, ఆ కాలమున చిత్రపరిశ్రమ నడచిన పద్ధతియందు వెదకవలసి యున్నది.

ఆమె పుట్టిననాటి యైర్లండు స్వతంత్రరాజ్యమై ఆఱేండ్లయినది. లిమెరిక్ పట్టణమునకు సమీపమున షానన్ నదిపై ఆర్డ్‌నక్రూషా జలవిద్యుత్కేంద్రము 1925లో ఆరంభింపబడి 1929లో ముగిసినది. కొత్తరాజ్యము తలపెట్టిన మహాకార్యములలో నదియే మొదటిదని చెప్పవచ్చును. విద్యుచ్ఛక్తి కొఱకు కోట్లు వ్యయపఱచిన యా ప్రభుత్వమే చలనచిత్రముల విషయమున 1923లోనే యొక నిషేధశాసనమును జేసి, వానిని పరీక్షించు నధికారిని నియమించెను గాని, చిత్రములను నిర్మించుటకు పూనుకొనలేదు. డబ్లినునకు దక్షిణమున బ్రే పట్టణమున ఆర్డ్‌మోర్ చిత్రశాల 1958లో వెలయువఱకును ఆ దేశమున చెప్పుకొనదగిన నిర్మాణశాల యొక్కటియు లేదు. చిత్రములు చూచుటకు మాత్రము జనులు తండోపతండములుగ పోవుచుండిరి. ఆ చిత్రములు పరదేశములవి. అందలి తారలు పరదేశీయులు. తెరపై నెక్కగోరు ఐరిష్ బాలికకు ఓడ యెక్కుట తప్ప వేఱు దారి లేకుండెను. ఓడ యెక్కుట ఆ జాతికి క్రొత్తగాదు. 1951 మొదలు 1961 వఱకు గల పదేండ్లలోనే సుమారు 4 లక్షల మంది యా చిన్నదేశమును విడిచిపోయిరి. కాన్‌స్టన్స్ కుటుంబము బీదది, సంతానము మెండు. పిదప డబ్లినునకు చేరినది. తండ్రి ముందుగనే గతించుటచే బాల్యమంతయు ఇఱుకు గదులయందును, ఇతరుల యండనుండియు గడచినది. చదువు స్వల్పము. నాటకవిద్య యసలే లేదు.

1946వ సంవత్సరారంభమున డబ్లినునందు ఒక చలనచిత్ర పత్రికవారు వింతయైన పోటీ నేర్పఱచిరి. ప్రసిద్ధులైన తారలను బోలిన ముఖములు గలవారిని ఎన్నుకొనుట దాని యుద్దేశము. పదునెనిమిదేండ్ల కాన్‌స్టన్స్ హెడీ లమార్‌ను బోలియున్నదని బహుమాన మందెను. ఈ పోటీయే ఆమె జీవితమునకు ద్వారము. ఆమె దౌర్భాగ్యమునకును అదియే బీజము. ఆలంకారికులు ఉపమాలక్షణము చెప్పునప్పుడు ఉపమానము గుణాధికము, ఉపమేయము దానికంటె కొంత న్యూనము అని నిరూపింతురు. ముఖము చంద్రునివలె నున్నదన్నచో చంద్రుడే ప్రమాణము, ముఖము దానితో కొలువబడు వస్తువు. కాన్‌స్టన్స్ స్మిత్ చిత్రలోకమునకు ఉపమేయముగనే వచ్చినది. తుదివఱకును ఆ స్థానము నుండి వెలువడలేకపోయినది.

విశేషమేమన, ఆ యుపమానము సైతము స్వతస్సిద్ధము కాదు. హెడీ లమార్ 1914లో వియన్నా నగరమున పుట్టిన యాస్ట్రియా స్త్రీ; ఆమె యసలుపేరు వేఱు. అమెరికాకు దీసికొనిపోయిన మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థాధిపతి లూయీ మేయర్ ఆమెకు లమార్ అను పేరు పెట్టెను. ఆ పేరు 1926లో పిన్నవయస్సుననే మరణించిన బార్బరా లా మార్ అను మూకచిత్రముల నటి జ్ఞాపకార్థమైనది. ఆ విధముగ మృతురాలైన సుందరి పేరు నొక పరదేశీయకు తగిలించిరి. ఆ పరదేశీయ మొగమును లిమెరిక్ పిల్లయందు వెదకిరి. హెడీకి రూపమేగాక బుద్ధియు గలదు. 1942లో యుద్ధోపయోగమైన రేడియో సంకేతవిధానమునకు మఱియొకనితో గలసి ప్రభుత్వ పట్టా నందినది. పోటీ నడపినవారికి ఆమె కనుబొమలు, ముక్కు, మధ్యపాపట తీసిన నల్లని జుట్టు మాత్రమే లెక్కకు వచ్చినవి.

పోటీ ఫలితముగ కాన్‌స్టన్సును లండనునందలి ర్యాంక్ సంస్థవారు పరీక్షించి తీసికొనిరి. ఈ సంస్థ కధిపతియైన ఆర్థర్ ర్యాంక్ హల్ పట్టణపు పిండిమరల యజమాని వంశజుడు, మెథడిస్టు మతనిష్ఠుడు. మతబోధకు పనికివచ్చు చిత్రములు తీయించవలెనను తలంపుతో 1930 ప్రాంతముల నీ వ్యాపారమున దిగి, పదిపదేనేండ్లలో బ్రిటిషు చిత్రపరిశ్రమలో మూడుపాళ్ళు తన చేతిలోనికి దెచ్చుకొనెను. అమెరికా తారలతో తులతూగు తారలను తానే పెంచవలెనని ఉత్తరలండనునందలి హైబరీ చిత్రశాల ప్రక్కన నొక పాఠశాలను నెలకొల్పెను. దాని యధికారనామము యువజనబృందము. పత్రికలవారు మాత్రము దానిని సౌందర్యపు బడి యని పరిహసించిరి. నడక, కూర్చుండుట, ఉచ్చారణము, సభలయందు మెలగు విధము అచట నేర్పబడుచుండెను. క్రిస్టఫర్ లీ, డయానా డార్స్ మొదలగు తరువాతి ప్రసిద్ధు లచటివారే.

మన నాట్యశాస్త్రమున అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగువిధములుగ చెప్పబడినది. హైబరీలో మొదటి మూడింటి పైపూత మాత్రమే నేర్పిరి. వాచికమనగా లిమెరిక్ యాసను తుడిచివేయుట. తన నాలుకపై పుట్టుకతో నున్న భాషను పోగొట్టుకొనుటయే విద్యగ నేర్చిన బాలికకు దానికి ప్రతిగ లభించినది మిక్కిలి యల్పము. 1947లో 'బ్రైటన్ రాక్' అను ప్రసిద్ధచిత్రమున గాయనిగ నొక క్షణకాలము కన్పడును; పాత్రలవారి పట్టికలో పేరు లేదు. ఆ సంవత్సరము ఆగస్టుమాసమున బ్రిటిషు ప్రభుత్వము పరదేశచిత్రములపై నూటికి 75 వంతుల సుంకము విధించుటయు, అమెరికావారు చిత్రములు పంపుట మానుటయు, ఆ లోటు పూడ్పవలెనని ర్యాంక్ అపారముగ ధనము వెచ్చించుటయు, 1948 మార్చిలో రాజీ కుదిరి అమెరికా చిత్రములు వఱదవలె వచ్చిపడుటయు చరిత్రప్రసిద్ధములు. 1949 నాటికి ర్యాంక్ సంస్థ ఋణము 1 కోటి 60 లక్షల పౌనులు. హైబరీ మూతపడినది. అంతకు మునుపే కాన్‌స్టన్స్ యా సంస్థకు దూరమై చిన్నచిన్న నిర్మాతలయొద్ద చిల్లర వేషములు ధరించుచుండెను. వానిలో 1950 నాటి 'రూమ్ టు లెట్' అను హామర్ సంస్థవారి చిత్రమున, లండను హంతకుడని యనుమానింపబడిన వాడొకడు అద్దెకు దిగిన యింటి కూతురుగ ఆమె కన్పడును. ఈ సంగతి ముందు మఱల ప్రస్తావనకు వచ్చును.

ఆమె యదృష్టరేఖ 1950లో 'మడ్‌లార్క్' అను చిత్రముతో వెలుగొందినది. థేమ్సునది బురదలో పడిన వస్తువు లేరుకొని బ్రతుకు ననాథబాలుడు విక్టోరియా రాణిని కన్నులార చూడవలెనని విండ్సరు కోటలో దూరుట యందలి కథ. జాన్ నెగులెస్కో దర్శకుడు. అమెరికానటి ఐరీన్ డన్ రాణిగను, ఆలెక్ గిన్నెస్ డిజ్రేలీగను నటించిరి. కాన్‌స్టన్సునకు కోటలోని ఐరిష్ దాసి కేట్ నూనన్ వేషము వచ్చినది. పాత్ర చిన్నది. అయినను హైబరీలో తుడిచివేయజూచిన యాసయే యిచట ఆమెకు ప్రాణమైనది. ఆ యేటి రాజదర్శన ప్రదర్శనమునకు ఈ చిత్రమే యెన్నుకొనబడినది. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ నిర్మాణాధిపతి డారిల్ జానక్ ఆమెను చూచి ఏడేండ్ల యొడంబడికపై హాలివుడ్‌నకు రప్పించెను.

ఈ యేడేండ్ల యొడంబడిక యేమో తెలియనిదే తరువాతి కథ బోధపడదు. పేరునకు ఏడేండ్లే గాని, ఆఱునెలలకో సంవత్సరమునకో నొకమాఱు దానిని కొనసాగించుటకును త్రోసిపుచ్చుటకును సంస్థకు హక్కు గలదు, నటికి లేదు. ఏ వేష మిచ్చినను ధరింపవలెను. నిరాకరించినచో జీతము నిలుపుదురు. సంస్థ కిష్టమైనచో నామె నితరసంస్థలకు అద్దెకిచ్చి లాభము తాను తీసికొనవచ్చును. పూర్వము నిలుపుదల చేసిన కాలమునుగూడ ఒడంబడికకు కలిపి ఏడేండ్లను ఎన్నేండ్లకైన సాగదీయుచుండిరి. ఒలీవియా డి హావిలండ్ అను నటీమణి వార్నర్ సంస్థపై వ్యాజ్యెము తెచ్చి, 1944లో కాలిఫోర్నియా న్యాయస్థానమువలన ఆ దుర్నయమును మాన్పించినది. కాన్‌స్టన్స్ వచ్చునప్పటికి ఆ మేలు జరిగియున్నది. తక్కిన నియమము లన్నియు యథాతథముగ నుండెను.

సంస్థలకును మంచికాలము గాదు. 1948లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము నిర్మాతలు ప్రదర్శనశాలల యాజమాన్యమును వదలుకొనవలెనని తీర్పు చెప్పినది. టెలివిజన్ యిండ్లలోనికి వచ్చుచుండెను. 1946లో వారమునకు సుమారు 9 కోట్ల మంది చిత్రములు చూచిన దేశమున 1953 నాటికి ఆ సంఖ్య సగమునకు సమీపముగ దిగజాఱినది. పూర్వము సంస్థలు నూర్లకొలది యువనటులను జీతములిచ్చి పోషించుచు, పదేండ్లు పెంచినను నష్టము లేకుండెను. ఏలయన తీసిన చిత్రములన్నియు సొంత ప్రదర్శనశాలలలో నాడుచుండెను. ఆ శాలలు చేజాఱిన పిదప పెంపకమునకు ఓర్పు లేకపోయినది. చెట్టు నాటిన వెంటనే ఫల మీయవలెను, లేనిచో పెఱికివేయవలెను. అట్టి తఱి యామె యచట కడుగిడినది.

మొదటిచిత్రము ఆటో ప్రెమింజర్ దర్శకత్వమున కెనడాలోని క్విబెక్ ప్రాంతమున తీసిన 'థర్టీన్త్ లెటర్' 1951లో వెలువడెను. ఒక గ్రామమున పేరులేని నిందాలేఖలు పుట్టించు కలవరము దాని వస్తువు. శార్ల్ బ్వాయే ధరించిన ముదుసలి వైద్యుని పడుచుభార్యగ కాన్‌స్టన్స్ నటించినది, గంభీరముగనే నటించినది. ఆ యేడే ఆమెకు మహత్తరమైన యవకాశము వచ్చెను. టైరోన్ పవర్ సరసన 'హౌస్ ఇన్ ది స్క్వేర్' చిత్రమున నాయికగ నియమింపబడి ఇంగ్లండునకు పోయి చిత్రీకరణము నారంభించినది. కొంత భాగము తీసిన పిదప సంస్థవా రామెను తొలగించి ఆన్ బ్లైత్ అను నటిని రప్పించిరి. ఈ సంస్థకు ఇది మొదటిమాఱు కాదు. డబ్లినులో పెరిగిన పెగ్గీ కమ్మిన్స్ అను నటిని 'ఫరెవర్ ఆంబర్' చిత్రమునకు తెచ్చి, 1946లో సగములో తీసివేసి, లిండా డార్నెల్‌కు ఆ పాత్ర నిచ్చిరి. చిత్రశాలల లోకమున సగములో తీసివేయబడిన నటికి పట్టిన మాలిన్యము తేలికగ పోవునది కాదు. పెగ్గీ ఇంగ్లండునకు మఱలిపోయి సాధారణమైన వృత్తితో సుఖముగ కాలము గడపినది. కాన్‌స్టన్స్ హాలివుడ్‌ననే నిలిచెను. 1951లో బ్రయన్ ఫోర్బ్స్ అను నాంగ్లేయ నటుని వివాహమాడెను. ఇతడు తరువాతి కాలమున దర్శకుడుగ ప్రసిద్ధి కెక్కినాడు. 1955లో ఆ వివాహము విచ్ఛిన్నమైనది.

పైకి మాత్రము కీర్తి తగ్గినట్లు లేదు. 1952 మార్చి 20వ తేదీన పాంటేజస్ నాటకశాలలో జరిగిన అకాడెమీ బహుమాన సభయందు బహుమతులను అందించినవారిలో నీమెయు నొకతె. పత్రికలలో ఛాయాపటములు వెలువడుచుండెను. చిత్రములును వరుసగ వచ్చినవి. అయితే ఆ చిత్రముల పుట్టుపూర్వోత్తరములను పరిశీలించినచో నొక వింత గోచరించును. 'థర్టీన్త్ లెటర్' 1943లో క్లూజో తీసిన 'ల కొర్బో' అను ఫ్రెంచి చిత్రమునకు పునర్నిర్మాణము. తప్పిపోయిన 'హౌస్ ఇన్ ది స్క్వేర్' 1933 నాటి 'బర్క్‌లీ స్క్వేర్' చిత్రమునకు మాఱురూపము. 1952 నాటి 'ల్యూర్ ఆఫ్ ది వైల్డర్‌నెస్' 1941లో అదే సంస్థ తీసిన 'స్వాంప్ వాటర్' కథయే. 1953 నాటి 'ట్రెజర్ ఆఫ్ ది గోల్డెన్ కాండర్' 1942 నాటి 'సన్ ఆఫ్ ఫ్యూరీ'కి పునరావృత్తి. అదే యేటి 'టాక్సీ' రెండేండ్లకు ముందు వచ్చిన ఫ్రెంచి చిత్రమున కనుకరణము. పోలికకై యెన్నుకొనబడిన పడుచు పోలికచిత్రములలోనే నటింపవలసి వచ్చినది. ఇది యెవరో బుద్ధిపూర్వకముగ జేసిన కుట్ర యని తలపరాదు. క్రొత్తకథలు కొనుటకు ధనము వ్యయింపజాలని సంస్థ పాతకథలను దులిపి వాడుకొనుచుండెను. క్రొత్తతారలకు క్రొత్తకథలు వ్రాయించు నోపికయు లేకుండెను. హేతువు సామాన్యమైనదే. ఫలము మాత్రము ఆమె విషయమున కఠినముగ పరిణమించెను. ప్రతిచిత్రమునందును ప్రేక్షకుడు పూర్వచిత్రమును, పూర్వనటిని తలంచుకొనుచునే యుండెను.

వీనిలో 1952 నాటి 'రెడ్ స్కైస్ ఆఫ్ మోంటానా' అనునది వేఱుజాతిది. మోంటానా యడవులలో విమానములనుండి దుమికి కార్చిచ్చు నార్పువారి కథ. 1949లో మాన్ గల్చ్ అను లోయలో జరిగిన ఘోరాగ్నిప్రమాదము దానికి ప్రేరణ. రిచర్డ్ విడ్‌మార్క్ నాయకుడు. కాన్‌స్టన్స్ అతని భార్య. ఆమె కిందు చేయుటకు పని లేదు, ఎదురుచూచుట తప్ప.

'టాక్సీ' చిత్రమును గుఱించి కొంత వివరింపక తప్పదు. గ్రెగరీ రాటాఫ్ దానిని న్యూయార్కు వీధులలో తీసెను. చంటిబిడ్డ నెత్తుకొని, తన్ను విడిచివచ్చిన భర్తను వెదకుచు ఓడదిగిన ఐరిష్ పడుచును, ఋణభారమున నున్న బండివా డొకడు దినమంతయు నగరమున త్రిప్పును. బండివాడుగ డాన్ డైలీ నటించెను. చిత్రము గొప్పది గాదు; కథ ముందే తెలిసిపోవును. అయినను 'మడ్‌లార్క్' తరువాత ఆమెకు తన దేశమువారి వేష మిందే లభించినది. తాను గూడ ఓడ యెక్కి వచ్చిన పడుచు గావున అపరిచిత నగరమున నిలువబడి యిటునటు చూచు చూపులో కృత్రిమత లేదు. ఆమె పాటవ మెంతటిదో నిర్ణయింపగోరువారు ఈ చిత్రము జూచి నిర్ణయింపవలెను గాని, 'గోల్డెన్ కాండర్'లో నిలుచున్న బొమ్మను జూచి గాదు.

1953 సెప్టెంబరులో ఫాక్స్ సంస్థ 'ది రోబ్' చిత్రముతో సినిమాస్కోప్ అను వెడల్పుతెరను ప్రవేశపెట్టెను. టెలివిజన్ పెట్టెలో పట్టని బొమ్మను చూపవలెనని ఆ యుపాయము. ఇకమీదట పెద్దచిత్రము లన్నియు వెడల్పుతెరవియే కావలెనని జానక్ నిశ్చయించెను. మామూలు తెరకు తగిన చౌకచిత్రములు తీయుటకై లియొనార్డ్ గోల్డ్‌స్టీన్ చేతిక్రింద పనోరమిక్ అను వేఱుసంస్థ యేర్పడినది. కాన్‌స్టన్స్ ఫాక్స్ పేరిట తెరకెక్కిన తుదిచిత్రము 'మాన్ ఇన్ ది ఆటిక్' ఈ చౌకతరగతిలోనిదే. వెడల్పుతెర పంక్తిలో ఆమెకు పీట వేయలేదు. ఈ కథయు మిసెస్ బెలక్ లౌండ్స్ 1913లో ప్రకటించిన 'ది లాడ్జర్' నవలనుండి తీసినదే. హిచ్‌కాక్ 1927లో నొకమాఱును, ఫాక్స్ సంస్థయే 1944లో మఱియొకమాఱును దీనిని తెరకెక్కించియుండిరి. అద్దెకు దిగిన హంతకుడు, ఇంటిలోని పడుచు, లండను మంచు. అనగా 1950లో హామర్ సంస్థలో చౌకగ నటించిన వేషమువంటిదే, మూడేండ్లు సముద్రములు దాటి తిరిగి వచ్చి మఱల చౌకగ నటించినది. 1944 చిత్రమున ఆ పడుచు వేషము ధరించినది మెర్ల్ ఒబెరాన్. ఈమె 1911లో బొంబాయిలో పుట్టి కలకత్తాలో పెరిగియు, ఆ జన్మము నెవ్వరికిని తెలియనీయక టాస్మానియాలో పుట్టితినని జీవితాంతము చెప్పుకొన్న స్త్రీ. తమ పుట్టుకను దాచియైనను మార్చియైనను గాని తెరపై నిలువజాలని స్థితి యొక్క ఐరిష్ పడుచుకే కాదని యిందువలన తెలియుచున్నది.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. ఇదే కాలమున ఇదే దేశమునుండి పోయిన మారీన్ ఒహారా నిలువలేదా? జెరాల్డిన్ ఫిట్జెరాల్డ్ నిలువలేదా? నిలిచిరి. ఒహారా 1920లో డబ్లినులో పుట్టి, పదునాలుగేండ్లకే ఆబీ నాటకశాలలో చేరి, రంగముపై నిలువబడుట నేర్చి, 1939లో చార్లెస్ లాటన్ యండతో హాలివుడ్ చేరినది. 1952 నాటి 'క్వయట్ మాన్' ఆమెను ఐరిష్ స్త్రీకే ప్రతిరూపముగ నిలిపినది. ఫిట్జెరాల్డ్ గేట్ నాటకశాలలో శిక్షణ మందినది. 'వుదరింగ్ హైట్స్' చిత్రమునకై అకాడెమీ బహుమానపు పట్టికకెక్కి, వార్నర్ సంస్థతో వివాదపడి, చిత్రములు తగ్గినను నాటకరంగమునకు మఱలిపోయి గౌరవముగ వృద్ధురాలైనది. వీరిద్దఱికిని కాలు జాఱినప్పుడు పట్టుకొనుటకు నాటకవిద్య యను కొమ్మ గలదు. సాత్త్వికాభినయము బహుకాలాభ్యాసమున గాని వచ్చునది కాదు. కాన్‌స్టన్సు నెవ్వరును దానికి కూర్చుండబెట్టలేదు. తానుగ కూర్చుండుటకు సంస్థలవారు తీరిక యీయలేదు. ఆమె దోషము లేదనరాదు. ఆవేశస్వభావము గలదని సమకాలికు లనిరి, కలహములకు వెనుదీయలేదు. అయితే అట్టి స్వభావము ఫిట్జెరాల్డ్‌కును గలదు.

ఫాక్స్ విడిచిన తరువాత 1954, 1955 సంవత్సరములలో ఇంగ్లండున 'ఇంపల్స్', 'టైగర్ బై ది టెయిల్' అను స్వల్పవ్యయ చిత్రములలో నటించినది. మొదటిదానికి దర్శకుడు సై ఎండ్‌ఫీల్డ్; కమ్యూనిస్టని యనుమానింపబడి అమెరికానుండి వెలివేయబడినవాడగుటచే నితరుని పేరు వేసికొని పని చేయుచుండెను. రెండవదాని నాయకుడు లారీ పార్క్స్. ఇతడును 1951 విచారణ తరువాత హాలివుడ్‌లో పని కోల్పోయినవాడే. రాజకీయకారణముచే బహిష్కృతులైనవారు, ధనకారణముచే విడువబడినవారు ఒక్కచోట చేరిన చిత్రములవి.

తరువాత ఇటలీ. రోమునగర సమీపమున 1937లో నెలకొన్న చినెచిత్తా చిత్రశాలలు ఆ దినములలో అమెరికాలో వెలసిపోయిన తారలకు ఆశ్రయమిచ్చుచుండెను. 1956లో విత్తోరియో గాస్‌మన్ నాయకుడైన 'జొవాన్ని దెల్లె బాందె నేరె', 1959లో 'లా కొంజ్యూరా దెయి బోర్జా' అను చారిత్రక చిత్రములలో కన్పడినది. ఇటలీవారి పద్ధతియందు చిత్రమునకు ధ్వని పిమ్మట చేర్తురు. పరదేశపు నటికి ఇటలీ స్త్రీ యెవ్వతెయో గొంతు నిచ్చును. లండనులో యాస పోగొట్టుకొన్నది, రోమున గొంతే లేకపోయినది. ఆహార్యము మాత్రము మిగిలినది. 1956లో ఇటలీ దేశస్థుని వివాహమాడెను. ఆ వివాహమును నిలువలేదు. 1959 తరువాత ఆమె తెరపై లేదు. అప్పటి కామెకు ముప్పదియొక్క సంవత్సరములు.

అటుపిమ్మట ఆమె జీవితము పాల్ రోథాతో పెనవేసికొన్నది. రోథా సామాన్యుడు కాడు. 1930లో, తన యిరువదిమూడవ యేట, 'ది ఫిల్మ్ టిల్ నౌ' అను గ్రంథము వ్రాసి, ఆంగ్లభాషలో చలనచిత్రకళకు చరిత్ర వ్రాసిన మొదటివారిలో నొకడైనవాడు. వాస్తవచిత్రముల నిర్మాతలలో అగ్రగణ్యుడు. 1943 నాటి 'వరల్డ్ ఆఫ్ ప్లెంటీ' లోకమున ఆహారపంపిణీని గుఱించిన గొప్పచిత్రము. ఐర్లండుతోను సంబంధము గలవాడు. 1951లో 'నో రెస్టింగ్ ప్లేస్' అను కథాచిత్రమును అచటనే తీసెను. ఆబీ నాటకశాలపైనను చిత్రము నిర్మించెను. హాలివుడ్ తారాపద్ధతిని యౌవనముననే కఠినముగ విమర్శించినవాడు వార్ధక్యమున ఆ పద్ధతి పాఱవేసిన తార నొకతెను చేరదీసెను. ఇరువురకును మద్యము గలదు, ఇరువురకును పని కొఱత గలదు. 1962లో రోథాను కత్తితో పొడిచిన నేరమునకై కాన్‌స్టన్సునకు మూడు మాసముల శిక్ష పడి, హాలోవే చెఱసాలకు పంపబడెను. 1968లో మరల నట్టి సంఘటనయే జరిగినది. ఆసుపత్రులలో నుండుటయు, ఆత్మహత్యాయత్నములును తటస్థించినవి. ఇంత జరిగియు వారు విడిపోలేదు. 1974లో వివాహము చేసికొనిరి. దీనిని ప్రేమ యనవలెనో, గతి లేమి యనవలెనో బయటివారు నిర్ణయింపలేరు. పిదప విడిపోయిరి. రోథా 1984లో గతించెను.

పతనమునకు మద్యమే హేతువనువారు ఈ తేదీలను వరుసగ పెట్టి చూడవలెను. 1951లో నాయికాపాత్రనుండి తొలగింపు, 1953లో ఫాక్స్ తుదిచిత్రము, 1959లో తెరనుండి నిష్క్రమణము; న్యాయస్థానమున కెక్కిన నేరము 1962లోనిది. వృత్తి ముందు పోయినది, వర్తనము తరువాత చెడినది. 1951లో ఆమె యెట్లు మెలగెనో చిత్రశాల వెలుపలివారు చెప్పజాలరు గావున ఈ వరుస సర్వసంశయములను తీర్పదనుట నిజమే; కాని విరుద్ధవాదమునకు ఈపాటి యాధారమును లేదు.

కడపటి సంవత్సరములు లండనునందే గడచినవి. ఆసుపత్రులకును అద్దెగదులకును మధ్య తిరుగుచు, అప్పుడప్పుడు ఇండ్లు శుభ్రపఱచు పనులు చేసికొని బ్రతికినది. 'టాక్సీ' బండి యెక్కి న్యూయార్కు వీధులు చూచిన పడుచును ఎఱిగినవారు ఆమె చుట్టు నెవ్వరును లేకుండిరి. మరణించునాటికి ఆమె వయస్సు 75 సంవత్సరములు. చివరిమాఱు తెరపై కన్పడి అప్పటికి 44 సంవత్సరము లైనది.